తలుపుకు పట్టిన గ్రహణం

ఆ రోజు గ్రహణం పట్టింది సూర్యుడికి కాదు, మా వీధి తలుపుకి! ఊళ్లో అన్ని ఇళ్లలాగే మాదీ మాటలు వినే ఇల్లు. మా అత్తగారు సుందరమ్మగారు దానికి ఆచారం నేర్పారు. అది నాకు గ్రహచారమైంది. ఆ ఇల్లు పొద్దున్నే తలుపులన్నీ బిగించేసి, మరమనిషి చేత పెరుగు గిన్నె మీదా, ఆవకాయ జాడీ మీదా, చివరికి నా ల్యాప్‌టాప్ మీదా దర్భలు వేయించింది. దర్భలకన్నా దాని దర్పం ఎక్కువ!

"సంపూర్ణ గ్రహణం నాన్నా! మన ఊళ్లో మళ్లీ నా జన్మలో రాదు," అంటూ మా అమ్మాయి ధాత్రి గ్రహణం కళ్లద్దాలు పట్టుకుని ఏడుపు మొహం పెట్టింది.

నేనెంత అరిచినా తలుపు కదలలేదు. అది అత్తగారి గొంతే వింటుంది.

"విడుపెప్పుడే?" అని ఆవిడ ఇంటిని అడిగారు. ఇల్లు సెకండుతో సహా చెప్పింది.

"రాహువు మింగితే సెకండు తేడా లేకుండా ఎలా కక్కుతాడు అమ్మమ్మా? చేతికి గడియారం కట్టుకున్నాడా?" అంది ధాత్రి.

"నోర్ముయ్యవే!" అన్నారు గానీ, అత్తగారు ఆలోచనలో పడ్డారు. కాసేపటికి, "ఏదీ, ఆ అద్దాలు నాకూ ఒకటివ్వు. ఒసే తలుపూ, తెరుచుకో!" అన్నారు.

వీధిలో పట్టపగలే చీకటి పడింది. నల్లటి సూర్యుడి చుట్టూ వెండి వెలుగు విచ్చుకుంది. ధాత్రి కేరింతలు కొట్టింది. అత్తగారు మాత్రం గిర్రున నా మీదికి తిరిగారు.

"ఇంత అందాన్ని ఎనభై ఏళ్లూ నాకు చూపించకుండా, లోపల కూర్చోబెట్టి తలుపులేస్తారుటండీ అల్లుడుగారూ?"