ఖాళీ చేయించరాదు

తెలంగాణ ఉద్యమం ముగిసేదాకా సిరిసిల్లలో ఎవరూ ఇంటి కిరాయి పెంచరాదని, ఎవరినీ ఖాళీ చేయించరాదని మున్సిపాలిటీ పొద్దున తీర్మానించింది. బంద్‌ల మీద బంద్‌లతో మరమగ్గాలు ఆగి, ఊళ్లో చేతికి పనిలేదు. తీర్మానం పెట్టింది కౌన్సిలర్ నర్సింగరావు. ఆయన ఇంట్లో కిరాయికుండే లచ్చవ్వ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.

మధ్యాహ్నం ఆమె పెనిమిటిని కరీంనగర్ దవాఖాన నుంచి అంబులెన్సులో తెచ్చారు. నర్సింగరావు గేటుకు అడ్డం నిలబడ్డాడు.

"కిరాయింట్లకు పీనుగను రానియ్య. మల్ల ఆ ఇంట్ల ఎవలుంటరు?"

"ఎవ్వల్నీ ఎల్లగొట్టద్దని పొద్దుగాల మీరే అంటిరి గద దొరా?"

"నిన్నెవలు ఎల్లగొట్టిండ్రు? నీ సామానంత నీ అర్రలనే ఉన్నది. కిరాయి గూడ పెంచ."

గల్లీలో సగం మంది ఆయన కిరాయిదార్లే. వాళ్లే లచ్చవ్వ పెనిమిటిని మోసుకుపోయి, చౌరస్తాలో రిలే దీక్షల టెంటు కింద జంపఖానా పరిచి పడుకోబెట్టారు.

సాయంత్రం నర్సింగరావు పెద్ద బంతిపూల దండతో వచ్చాడు. గుమిగూడిన జనాన్ని చూసి "జై తెలంగాణ" అని పిడికిలెత్తాడు. దండ వేయడానికి వంగితే లచ్చవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగుండ్రి దొరా. ఇంకా పానమున్నది. దూపైతందని నీళ్లడుగుతున్నడు."

నర్సింగరావు కుర్చీ తెప్పించుకుని పక్కనే కూర్చున్నాడు. దండ వాడిపోకుండా దాని మీద కాసిని నీళ్లు చల్లమన్నాడు.