నిండిన బుట్టకు చెల్లి మొహం

తెర మీది చెత్తబుట్ట బొమ్మను కంప్యూటర్ మామూలుగా తీసేయనివ్వదు, మార్చుకోనిస్తుంది. బుట్ట ఖాళీగా ఉంటే నా ఫొటో, నిండితే చెల్లి రవళి ఫొటో కనిపించేలా పెట్టాను.

"నేనేమన్న చెత్తనా అక్కా? బాపు పొద్దుగాల డూటీ దిగి రానీ, చెప్త నీ పని!" అని రవళి పెరుగు తేవడానికి ఇస్నాపూర్ చౌరస్తాకు వెళ్ళింది.

చీకటి పడింది. నేనేమీ పారేయలేదు. అయినా చూస్తే తెర మీద రవళి మొహం ఉంది. నన్ను ఉడికించడానికి తనే ఏదో పడేసిందనుకుని, ఖాళీ చెయ్యమని నొక్కాను. బుట్టలో ఒక్కటే ఉంది, శాశ్వతంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. అదేమిటో చూడకుండానే అవునన్నాను. మళ్ళీ నా మొహం వచ్చింది.

బయట ఫ్యాక్టరీ సైరన్ మోగి ఆగింది. గల్లీలో చెప్పుల చప్పుడు లేదు. అమ్మ తనకూ నాకూ రెండే కంచాలు పెట్టింది.

"రవళికేదమ్మా?"

"ఏ రవళి, బిడ్డా?"