ఉత్తుత్తి చెరువు

“మళ్లీ ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటోంది సార్,” అంది శ్రీసత్య, కీబోర్డు మీంచి చేతులు తీసేసి.

“సాయంత్రం భీమవరం రైతులు వీడియో కాల్‌లోకి వస్తారు. అప్పటికి అది నడవకపోతే ఈ ప్రాజెక్టు మనకి ఉండదు,” అన్నాడు విజయ్ పాల్. రాజమండ్రిలో ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు అతనిదే. మనిషి కేకలెయ్యడు. ఇలా మెల్లగా చెప్పినప్పుడే భయం.

చెప్పుకోడానికి పని తేలికే. రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతే నీళ్లలోని సెన్సరు కబురు పంపాలి. ఆ కబురు ‘క్యూ’ అనే వరసలో నిలబడి, వంతు రాగానే సాఫ్ట్‌వేర్‌కి చేరాలి. వెంటనే ఏరేటర్లు తిప్పమని చెరువుకి ఆర్డరు వెళ్లాలి. ఏరేటర్లంటే నీళ్లని చిలికి గాలి కలిపే చక్రాలు. దీన్ని పరీక్షించడానికి నిజం రొయ్యలకి ఊపిరాడకుండా చెయ్యలేరు కదా! అందుకే శ్రీసత్య కంప్యూటర్లోనే ఒక చెరువు తయారుచేసింది. నీళ్లుండవు, రొయ్యలుండవు. అచ్చం సెన్సరులా మాట్లాడుతుందంతే. ఆఫీసులో దానికి ఉత్తుత్తి చెరువని పేరు. ఇప్పుడది టెస్టింగ్ క్యూకి తగులుకోనంటోంది.

పోర్టు నంబరు మార్చింది. పాస్‌వర్డ్ మళ్లీ కొట్టింది. లాభం లేదు. విసుగొచ్చి, అసలు సిస్టమ్‌లో నడుస్తున్న సెట్టింగులే తెచ్చి, అందులో పేర్లు మార్చి చూసింది. తెర మీద పచ్చగా ‘కనెక్టెడ్’ అని పడింది.

“హమ్మయ్య!”

ఆక్సిజన్ బాగా పడిపోయిందని ఉత్తుత్తి చెరువు చేత చెప్పించింది. కబురు వెళ్లింది. ఏరేటర్లకి ఆర్డరు బయల్దేరింది. దాన్ని అందుకునేవాళ్లెవరూ లేరు కాబట్టి కథ అక్కడితో ఆగాలి.

ఆగలేదు. జవాబొచ్చింది.

‘ఏరేటర్లు తిరుగుతున్నాయి.’

శ్రీసత్య కుర్చీ వెనక్కి జరిపింది. “సార్... ఇటు రండి. జవాబిచ్చింది ఎవరు?”

విజయ్ పాల్ వంగి సెట్టింగులు చూశాడు. “పేర్లన్నీ మార్చావు గానీ సర్వరు అడ్రసు అసలుదే వదిలేశావు. ఇది పల్లంరాజుగారి చెరువు.”

ఉండి దగ్గర పల్లంరాజుగారు తన చెరువుల్లో ఒకదాన్ని ట్రయల్‌కి ఇచ్చారు. నీళ్లు పెట్టి ఉంచారు గానీ రొయ్యపిల్ల ఇంకా వెయ్యలేదు. విజయ్ పాల్ తన ఫోన్లో ఆ చెరువు దగ్గరి కెమెరా తెరిచాడు.

ఇద్దరూ తలలు దగ్గరపెట్టి చూశారు.

మబ్బు కింద కదలకుండా పడుండాల్సిన చెరువు తెల్లగా మరిగిపోతోంది. చక్రాలు నీళ్లని నిలువెత్తున ఎగజిమ్ముతున్నాయి. బెదిరిన కొంగలు గుంపుగా లేచిపోతున్నాయి. ఇక్కడ, గోదారొడ్డున కుర్చీలో కూర్చుని తను ఆడించిన అబద్ధానికి, అక్కడ అంత నీరు లేచి నిలబడింది! ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్నా, తను కొట్టే అక్షరాలు ఎక్కడికో వెళ్లి ఏదో ఒకదాన్ని నిజంగా కదుపుతాయని శ్రీసత్యకి ఎన్నడూ తోచలేదు. తప్పు చేశానన్న భయం కూడా ఆ ఆశ్చర్యం ముందు కాసేపు వెనక్కి తగ్గింది.

అంతలో గట్టు మీదికి పంచె ఎగ్గట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు. పల్లంరాజుగారే. స్విచ్ బోర్డు వైపు గబగబా నడుస్తున్నారు. కెమెరా అంచు దాకా వచ్చి టక్కున ఆగిపోయారు. కిందికి చూశారు. రెండు చేతులూ పైకెత్తి ఏదో అరుస్తూ తెరలోంచి మాయమైపోయారు.

“సార్! ఎవరికైనా కరెంటు కొట్టిందా?”

శ్రీసత్య గబగబా ఏరేటర్లు ఆపేసింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. సాయంత్రం రైతులెవరూ కాల్‌లోకి రాలేదు. ‘రాజుగారు అర్జెంటుగా హాస్పిటల్‌కి వెళ్లారండి, మీటింగు తర్వాత చూద్దాం’ అని మెసేజ్ మాత్రం వచ్చింది.

విజయ్ పాల్ చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. “మోటార్లో లోపం అందాం. మన పేరు ఎత్తొద్దు.”

“వద్దు సార్. నేనే చెప్తాను.”

దీపాలు పెట్టే వేళకి పల్లంరాజుగారే ఫోన్ చేశారు.

“అమ్మాయ్, మధ్యాహ్నం మా చెరువులో ఏరేటర్లు వాటంతటవే తిరిగాయి. అది మీ పనేనా?”

“నా పనేనండి రాజుగారూ,” అంది శ్రీసత్య. ఆగకుండా మిగతాదీ చెప్పేసింది. “ఇక్కడ టెస్టింగ్ చేస్తుంటే పొరపాటున మీ చెరువుకి ఆర్డరు వెళ్లిపోయిందండి. ఎవరికేమైనా అయ్యుంటే బాధ్యత నాదేనండి. మా సార్‌కి ఏం తెలీదు.”

అవతల ఎవరో ఆడమనిషి వెక్కిళ్లు వినబడుతున్నాయి. శ్రీసత్య కళ్లు మూసుకుంది.

“పిల్ల వెయ్యని చెరువమ్మా అది. అటు ఎవరూ తొంగి కూడా చూడరు,” అన్నారాయన నెమ్మదిగా. “ఖాళీ చెరువులో ఇవెవడ్రా తిప్పిందని తిట్టుకుంటూ, కట్టేద్దామని వెళ్లాను.”

“క్షమించండి రాజుగారూ...”

“ఆగమ్మా, చెప్పనీ! వెళ్లాను కాబట్టే, గడ్డి కొయ్యడానికెళ్లి పాము కరిచి గట్టు మీద పడిపోయిన మా పాలేరు ఏసురాజు నా కంటబడ్డాడు. ఇదిగో, ఇప్పుడే కళ్లు తెరిచి పెళ్లాన్ని పేరుపెట్టి పిలిచాడు!”