తెర మీది బొమ్మ

“కంప్యూటర్ ప్లగ్గు పీకావంటే మర్యాద దక్కదు!” భర్త అరిచాడు.

మెళ్లో కొలతల టేపుతో, కుట్టుమిషను దగ్గర్నుంచి విసురుగా లేచొచ్చిన ఆమె ప్లగ్గు మీంచి చెయ్యి తియ్యలేదు. పక్కగదిలోంచి కూతురు మూడోసారి పిలిచింది, “నాన్నా, ఒక్కసారి రావా” అని. కండరాల జబ్బుతో మంచాన పడ్డ పదమూడేళ్ల పిల్ల. పక్కకు ఒత్తిగిలాలన్నా ఇంకొకరి చెయ్యి కావాలి. ఆ పిలుపు ఈ మనిషి చెవిన పడితేగా! లేత్ పని నుంచి వస్తూనే కుర్చీలో కూలబడి, తెరకు కళ్లప్పగిస్తాడు. తెర నిండా రంగురంగుల బంతులు గొలుసులా అల్లుకుని, మెల్లగా మెలికలు తిరుగుతుంటాయి. రెండు నెలలుగా ఇదే తంతు.

“కన్నకూతురు పిలుస్తుంటే కదలవు. ఏం ఆటయ్యా అది?”

“ఆట కాదే! ఎన్నిసార్లు చెప్పాలి? సైంటిస్టులు వాళ్ల లెక్కల్ని ముక్కలు చేసి మనలాంటివాళ్ల కంప్యూటర్లకు పంపుతారు. ఆ గొలుసు ఒంట్లోని ప్రోటీనట, పిల్ల జబ్బుకు మూలం దాని మెలికలోనే ఉందట. అదెలా ముడుచుకుంటుందో మన కంప్యూటర్ లెక్కగడుతోంది. చూడు, కదులుతోందా లేదా?”

“అది కదులుతోంది. నువ్వే కదలట్లేదు.”

“లేచానంటే నువ్వు ఆపేస్తావు!”

“ఆపేస్తాను! పిల్లను లేపేది నేను, కూర్చోబెట్టేది నేను. నడుం విరిగిపోతోంది. నువ్వు మాత్రం కోటకు కాపలా కాస్తున్నట్టు...”

“మరి దానికి మందెలా దొరుకుతుందే?” బల్ల మీద పిడికిలి దభీమని పడింది. “చెప్పు! నా చేతిలో ఇంకేం ఉంది?”

అది విని ఆమెకు జాలి కలగాల్సింది, కానీ ఇంకా మండుకొచ్చింది. నోరు తెరవబోయేంతలో గుమ్మంలోంచి పిలుపు.

“అన్నా, రిపేరన్నారు?”

కంప్యూటర్ రిపేరు చేసే కుర్రాడు. భార్య మీది కోపమంతా భర్త ఆ కుర్రాడి మీదికి మళ్లించాడు.

“నువ్వు వేసింది పార్టా, పాత ఇనుమా? రెండు రోజుల్లో తేలాల్సిన ముక్కకు పది రోజులు! గడువు దాటిందని రెండుసార్లు మా లెక్క ఆ సైంటిస్టులు తీసుకోలేదు, తెలుసా?”

కుర్రాడు వంగి తెర చూశాడు. ఏవో రెండు మీటలు నొక్కాడు. మళ్లీ చూశాడు.

“పార్టు బాగానే ఉందన్నా. ఈ బంతుల బొమ్మ రోజూ ఎంతసేపు తెరిచి ఉంచుతారు?”

“ఎంతసేపేంటి? ఒక్క క్షణం మూయలేదు. కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చున్నా.”

కుర్రాడు ఆమె వంక చూశాడు, తర్వాత నేల వంక.

“బొమ్మ మన చూపు కోసమేనన్నా, లెక్కకు దాంతో పనిలేదు. కంప్యూటర్ బలమంతా దాన్ని గీయడానికే పోతోంది. మీరు చూస్తూ కూర్చోబట్టే లెక్క సాగట్లేదు.”