కంప్యూటర్‌కి కనకాంబరాలు

"పూలు ఆడ కాదు శకుంతలమ్మా, ఈ పొద్దు నించి దీనికి పెట్టు."

మునిరామయ్య చూపించిన వైపు చూసేసరికి శకుంతలమ్మకు ఒళ్ళు మండిపోయింది.

చిత్తూరులో ఆయన మామిడిగుజ్జు ఫ్యాక్టరీ తెరిచిన నాటినుంచి ఆఫీసులో టైపు కొట్టేది ఆమే. పొద్దున్నే టైపు మిషన్‌కు బొట్టు పెట్టి, కనకాంబరాలు చుట్టి, దణ్ణం పెట్టుకున్నాకే మొదటి అక్షరం కొట్టేది. మొగుడు పక్షవాతంతో మంచాన పడ్డ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ మిషన్ చలవే.

ఇప్పుడేమో మద్రాసులో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి వచ్చి కూర్చుంది. ఊళ్ళో ఎవరూ కంప్యూటర్‌ను తాకి ఎరగని రోజులవి. గుళ్ళోకి వెళ్ళినట్టు దాని గదిలోకి చెప్పులు విడిచి వెళ్ళాలట!

దానితోపాటు జయరావు అనే కుర్రవాడు కూడా దిగాడు. కాళహస్తి పిల్లవాడు. మద్రాసులో ఈ విద్య నేర్చుకున్నాడు.

"నా నోట్లో మన్ను కొట్టేదానికే వచ్చినాడు వీడు," అనుకుంది శకుంతలమ్మ.

పూలైతే పెట్టింది, పెట్టక చస్తుందా? పెట్టిన విసురుకి దండ జారి పెట్టె వెనక్కి పడింది.

మధ్యాహ్నానికి కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోయింది. జయరావు కొట్టిన బిల్లులన్నీ గాలికి పోయాయి.

"ఏమబ్బా, ఏమైంది?" అంటూ మునిరామయ్య పరుగెత్తుకొచ్చాడు.

"వోల్టేజీ తక్కువుండాదేమో, సూస్తాను సార్."

ఇద్దరూ మీటరు దగ్గరికి వెళ్ళారు. శకుంతలమ్మ దండ తీద్దామని పెట్టె వెనక్కి వంగింది. అక్కడొక చిన్న ఫ్యాన్ ఉంది. పూలదారం జాలీలోంచి దూరి, రెక్కలకు చుట్టుకుని, దాన్ని తిరగనివ్వకుండా పట్టేసింది. పెట్టె పెనంలా కాలుతోంది.

ఓహో, నీ ప్రాణం ఇక్కడుందా!

దారం పీకేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది.

మర్నాటినుంచి చూడాలి ఆమె భక్తి! అందరికంటే ముందే వచ్చేది. కంప్యూటర్‌కు పూలు పెట్టేది. దండలోంచి దారం ముక్క ఒకటి తుంచి ఫ్యాన్‌లోకి దోపేది. కాసేపటికి అది వేడెక్కి ఆరిపోయేది. ఆ హడావుడిలో దారం లాగేసేది. జయరావు వచ్చి చూసేసరికి ఏ తప్పూ కనిపించేది కాదు.

పాపం, వాడు చెయ్యని వైద్యం లేదు. స్టెబిలైజర్ మార్చాడు. కరెంటు ఎర్త్ గుంతలో ఉప్పు వేసి బిందెలతో నీళ్ళు పోశాడు. పెట్టె ఊడదీసి లోపలి కార్డులను పెన్సిల్ రబ్బరుతో రుద్దాడు.

రుద్దుకో నాయనా, బాగా రుద్దుకో!

పైగా వాడి వేషం ఒకటి.

"అక్కా, రా, ఈడ కూసో. ఒక లెటరు కొట్టి సూడు. నీ టైపు మిషన్ మాదిరే ఉంటాది."

"యాల? నా పని లాక్కున్నేది సాలక ఎగతాళి గూడానా?"

"అట్ల కాదక్కా, నీ చేతికుండే స్పీడు నాకే లేదు..."

"నా స్పీడుతో నీకేం పని? నీ పెట్టె సంగతి సూసుకో పో!"

వాడు మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళినప్పుడల్లా ఆమె కడుపు చల్లబడేది. ఇంకా ఏడవాలి వీడు, ఊరు విడిచి పోయేదాకా ఏడిపిస్తాను అనుకునేది.

మామిడి సీజన్ ముమ్మరమైంది. సరుకు ఎక్కించిన లారీలు గేటు దగ్గర నిలబడ్డాయి. కాగితాలు తయారైతే మద్రాసు హార్బరుకు కదలాలి. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మళ్ళీ ఆరిపోయింది.

ఈసారి జయరావు మీటరు దగ్గరికి వెళ్ళలేదు. కూర్చున్నచోటినుంచే పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చాడు.

శకుంతలమ్మ దారం ఇంకా లాగెయ్యనే లేదు.

వాడు చెయ్యి బయటికి తీశాడు. వేళ్ళ సందున దారం ముక్క, దానికి అంటుకున్న కనకాంబరం రేకు కనిపించాయి. వాడు ఆమె వైపు ఒక్కసారి చూశాడు.

"ఏముండాదబ్బా ఆడ?" మునిరామయ్య అరిచాడు.

జయరావు గుప్పిట మూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఏం లేదు సార్. తప్పు నాదే. నాకు చేతగాలేదు."

"చేతగానోడికి ఈడేం పని? ఎత్తుకో నీ సంచి!"

వాడు సంచి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"పొయ్యొస్తానక్కా."

ఆమె మూతి తిప్పుకుంది. దొంగ దొరికినా నోరు మెదపలేని పిరికిపంద! తిక్క కుదిరింది వెధవకి!

కసి తీరా టైపు మిషన్ మీది గుడ్డ లాగింది. టకటకా కాగితాలన్నీ కొట్టి ఇచ్చింది. లారీలు కదిలాయి.

సాయంత్రం మునిరామయ్య పిలిస్తే, మెచ్చుకోవడానికే అనుకుని కొంగు సర్దుకుని వెళ్ళింది.

"సూడు శకుంతలమ్మా, మద్రాసు నించి కొత్త కంప్యూటర్ తెప్పిస్తా ఉండా. నడిపే మనిషిని గూడా కంపెనీవోళ్ళే పంపిస్తారంట. ఇంక టైపు పని ఉండదు. నువ్వు వేరే యాడన్నా సూసుకో."

శకుంతలమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"సార్, ఆ పిల్లోడు పోయినాడు గదా, నా పని నాకుంటాదనుకుంటి..."

"వాడుంటేనే నీకు పని ఉండేది." మునిరామయ్య తల అడ్డంగా ఊపాడు. "ఈ పెట్టె దిగిన పొద్దే నిన్ను మానిపిస్తానంటే, వాడే అడ్డం పడినాడు. ముందే చెప్తే అక్క బెదురుకుంటాది, నిదానంగా నేర్పిస్తానన్నాడు. మద్రాసులో వేరే ఉద్యోగం కాసుకొని ఉన్నా పోకుండా, నిన్ను ఆ కుర్చీలో కూసోబెట్టినాకే పోతానని నా కాళ్ళావేళ్ళా పడి ఈడ ఆగినాడు."