మెలై వెనకాల సైనికుడు

బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెడూ సైనికుడి మీద పడ్డాయి.

"మళ్ళీ మా గుమ్మం ముందు నిలబడితే ఈసారి వేడినీళ్ళే!" అంది సెసింగ్.

సైనికుడు ఎర్ర అంగీ మీంచి నీళ్ళు కారుతుంటే, చేతిలోని రెండు కర్రల్నీ టకటకలాడిస్తూ వీధి చివరికి పోయి నిలబడ్డాడు.

ఈస్టర్ ముందు పవిత్ర వారం వస్తే మొగ్పోగ్ ఊరినిండా ఇలాంటి రోమన్ సైనికుల వేషాలే. మొక్కున్నవాళ్ళు సోమవారం చెక్క ముసుగు తగిలించుకుంటే, మళ్ళీ ఈస్టర్ మధ్యాహ్నం దాకా ఊళ్ళో ముఖం చూపించరు, నోరు విప్పరు. లోపలున్నది ఎవరో కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పకూడదు.

అది సెసింగ్‌కీ తెలుసు. కానీ ఈ ఒక్కడూ ఏటేటా ఆమె కూతురు మెలై వెనకాలే తిరుగుతున్నాడు. పిల్లకి పదకొండేళ్ళొచ్చాయి. తండ్రి చూస్తే ఏ సముద్రంలోనో ఓడ మీద ఉన్నాడు. తల్లి గుండె పీచుపీచుమనదూ మరి!

"వాడు నన్నేం చెయ్యడమ్మా," అంది మెలై. "కుక్కలొస్తే అదిలిస్తాడు, అంతే."

"నువ్వు నోర్మూసుకుని బిస్కెట్లు పొట్లం కట్టు."

పాలగుండ బిస్కెట్లు కాల్చి అమ్మడమే వాళ్ళ జీవనం.

"అమ్మా, ఈ ఈస్టర్‌కైనా నానమ్మ ఊళ్ళో ఉంటుందా?"

"ఉంటే మనకేం, లేకపోతే మనకేం? నువ్వు బతికిన రోజంటే ఆవిడకి లెక్కే లేదు. తాళం పెట్టుకుని చెల్లెలింటికి చెక్కేసి ఉంటుంది."

ఏడేళ్ళ క్రితం గుడ్ ఫ్రైడే నాడు మెలై జ్వరంతో ఆసుపత్రిలో స్పృహ తప్పింది. డాక్టరు పెదవి విరిచాడు. పరుగున వచ్చిన అత్తగారు రెమెడియోస్ పిల్లని చూసి, "తల్లివేనా నువ్వు? ఇంత ముదరబెడతావా?" అనేసింది. "మీరు ఇక నా గడప తొక్కొద్దు," అంది సెసింగ్. ఆదివారం తెల్లారి గుడిగంటలు మోగుతుంటే మెలై కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగింది. క్రీస్తు లేచిన పొద్దునే తన బిడ్డా లేచింది. బిడ్డ లేచింది గానీ, రెండు వీధుల అవతలున్న అత్తగారితో మాత్రం మాటల్లేవు.

శుక్రవారం సెసింగ్ ఊరిపెద్ద కపితాన్ దగ్గరికెళ్ళింది.

"వాడి ముసుగు తీయించండి."

"మొక్కు చెడుతుందమ్మా. ఆదివారం దాకా ఓపిక పట్టు."

"నా కూతురికేమన్నా అయితే?"

"అయ్యో, అందరూ అలాంటివాళ్ళుంటారా? నేనూ మూడేళ్ళు వేశాను ఆ ముసుగు. మా ఆవిడైతే, ఆ ముఖమే నయం, తియ్యొద్దంది."

సెసింగ్‌కి నవ్వు రాలేదు.

శనివారం మిట్టమధ్యాహ్నం చర్చి మలుపులో మెలై బిస్కెట్లు అమ్ముతోంది. సైనికుడు వంగి ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

సెసింగ్ ఒక్క అంగలో వచ్చి పడింది. అంగీ పట్టుకుని పక్క సందులోకి ఈడ్చి గోడకి అదిమింది.

"ఎవడ్రా నువ్వు?"

ముసుగు పట్టీ తెంపి పైకెత్తింది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

లోపలి ముఖం వద్దన్నట్టు తలాడించింది. దాహానికి పెదవులు పగిలి ఉన్నాయి.

సెసింగ్ ముసుగు కిందికి దించింది.

"ఎన్నేళ్ళకి మొక్కుకున్నారు?"

తొడుగు వేసుకున్న వేళ్ళు ఏడు చూపించాయి.

"మెలై కోసమా?"

ముసుగు తలూపింది.

"నేనేం చూడలేదు," అంది సెసింగ్ ఏడుస్తూనే. "వింటున్నారా? మీ మొక్కు చెడలేదు. నేనేం చూడలేదు."

జడకున్న రిబ్బను విప్పి, తెగిన పట్టీకి ముడివేసి, గడ్డం కింద బిగించి కట్టింది. కొట్లోంచి నీళ్ళు తెచ్చి, ముసుగు నోట్లోకి స్ట్రా పెట్టి తాగించింది.

కపితాన్ రొప్పుతూ వచ్చాడు. "ఏమైంది? ముసుగు తీశావా?"

"లేదండీ. పొరపాటు పడ్డాను."

పవిత్ర శనివారం నాడు అబద్ధం! అయినా దేవుడు అడ్డం చెప్పి ఉండడులెండి.

ఆదివారం చీకటితో గంటలు మోగాయి. సమాధి ఖాళీ అయిందని ఫాదర్ చదువుతుంటే చర్చంతా చప్పట్లు కొట్టింది. సెసింగ్ తన ఏడుపు విని దేవుడు బిడ్డని తిరిగిచ్చాడనే ఇన్నాళ్ళూ అనుకుంది. పక్కన ఇంకొకరు కూడా ఏడ్చారని, ఇచ్చినందుకు ఏడేళ్ళు మండుటెండలో నడిచి కృతజ్ఞత చెప్పుకున్నారని ఇప్పుడు తెలిసింది. ఆ మనిషినే తను నీళ్ళు పోసి తరిమింది. సిగ్గుతో, సంతోషంతో కలిపి ఏడ్చింది.

మధ్యాహ్నం ఊళ్ళో ముసుగులన్నీ దిగిపోయాయి. సాయంత్రం సెసింగ్ కొబ్బరిపాలతో బియ్యప్పిండి రొట్టె చేసి, మెలై చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

"ఎవరింటికమ్మా?"

"మీ సైనికుడింటికి."

"నీకు తెలుసా వాడెవడో?"

"వాడు గీడు అనకు. కాళ్ళకి దణ్ణం పెట్టు."

రెండు వీధులు దాటి ఒక తలుపు తట్టింది.

లోపల్నించి కుంటుకుంటూ అడుగులు వచ్చాయి. తలుపు తెరుచుకుంది. ముసుగు రాపిడికి కమిలిన ఆ ముసలి ముఖాన్ని చూసి, ఏడేళ్ళలో మొదటిసారి సెసింగ్ నోరారా పిలిచింది.

"అత్తయ్యా!"