కిటికీ పట్టీ

"చాకు అవతల పెట్టు, మహానుభావా! ఆ పట్టీ వంగిందంటే హవానా అంతా గాలించినా ఇంకోటి దొరకదు," అంది ఒడాలిస్, తన టాక్సీ తలుపుకు అడ్డంగా నిలబడి.

రెయ్నియేర్ చాకు జేబులో పెట్టి, పట్టీ కింద దూర్చి లేపడానికి ఒక డామినో బిళ్ళకు గుడ్డ చుట్టాడు. ఆ పాత షెవ్రొలే టాక్సీ కిటికీ చుట్టూ ఉన్న ఆ క్రోమియం పట్టీ వాళ్ళిద్దరికంటే వయసులో పెద్దది. ఎండకు రబ్బరు మెత్తబడేదాకా ఆగి, అతను మూల నుంచి మొదలుపెట్టాడు. ఆమె రెండు చేతులతో పట్టీకి ఆసరా ఇచ్చింది.

"లాగకు. ఒక్కొక్క క్లిప్పూ తనంతట తాను వదలాలి," అంది.

"నాకే పాఠాలా? పెళ్ళయిన కొత్తలో దీన్ని బిగించింది నేనే."

"అందుకేగా, గతుకొస్తే చాలు గలగలమంటుంది!"

అతను నవ్వాడు. చేయి జారింది. చివరి క్లిప్పు టక్కుమని వదిలింది; పట్టీ మీద గీతైనా పడలేదు.

విడాకులంటే గిన్నెలు ఎగరాలని నమ్మేవారికి ఇది రుచించదు: ఆ ఉదయమే ఇద్దరూ నోటరీ ముందు సంతకాలు చేశారు. కారు ఆమెది. అతని తాత కారు నుంచి వచ్చిన పట్టీ అతనిది. వేరే ఇల్లు దొరకదు గనుక ఇల్లు ఇద్దరిదీ.

పట్టీ చంకలో పెట్టుకుని అతను మెట్లెక్కబోయాడు.

"రేపు పనికెలా వెళ్తావు?" అంది ఒడాలిస్.

"నీ టాక్సీలోనే. అందరిలాగే డబ్బిచ్చి."

"అయితే ఆ కిటికీ పక్కనే కూర్చో. పట్టీ లేదుగా, వాన నీళ్ళన్నీ నీ ఒళ్ళోకే."

రెయ్నియేర్ మబ్బుల కేసి చూశాడు. వెనక్కి వచ్చి, పట్టీని మళ్ళీ కిటికీకి ఆనించి రెండో కొస ఆమెకు అందించాడు.

"పట్టుకో."